స్ప్రింగు కింద జాకీ

జాన్ బాషా లాంటి మొగుడు పగవాళ్ళకు కూడా వద్దని జాన్‌బీ రోజుకు రెండుసార్లు అనుకుంటుంది. పొద్దున్నే ఇడ్లీపాత్ర కనపడనప్పుడు ఒకసారి, అది షెడ్డులో కనపడినప్పుడు ఇంకోసారి. పాత్ర నిండా కిరసనాయిలు, అందులో తుప్పు పట్టిన బోల్టులు. "నానబెట్టానంతే కదే, వండలేదుగా" అంటాడాయన. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆమె వంటింట్లోంచి షెడ్డుకు కాపురానికి వెళ్ళినవి రెండు జల్లెడలు, ఒక రాగి చెంబు, ఒక అట్లకాడ. జల్లెడలు, చెంబు అక్కడే స్థిరపడిపోయాయి. అట్లకాడ మాత్రం ఏడాది తర్వాత వంకర తిరిగి పుట్టింటికి వచ్చింది. "ఇప్పుడు దోసె ఇంకా బాగా తిరుగుద్ది, చూడు" అని ఆయనే స్వయంగా ఆమె చేతిలో పెట్టాడు.

మామూలు రోజుల్లో అయితే ఆమె ఈ సంగతి మీద ఒక పూట గడిపేది. కానీ ఆ ఇంట్లో వారం నుంచి మామూలు రోజు లేదు.

సంగతి ఇక్కడిదాకా వచ్చింది. మూడేళ్ళ కిందట శివరామకృష్ణ గారి పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుకు ముందు చక్రం దగ్గర షాకబ్జర్ విప్పుతుంటే లోపలి స్ప్రింగు ఎగిరి, జాన్‌బీ తమ్ముడు అన్వర్ కుడి మణికట్టు నుజ్జయింది. "జాకీ జారింది. పెట్టింది వాడే" అని జాన్ బాషా ఆసుపత్రి వరండాలో అన్నమాట, కట్టు ఆరకముందే చిలకలూరిపేట మెకానిక్కులందరికీ చేరింది. మూడు ఆపరేషన్లయ్యాయి. నాలుగోదాని వల్ల ఉపయోగం లేదని, ఆ వేళ్ళు ఇక ముడుచుకోవని గుంటూరు డాక్టరు పోయిన వారం తేల్చేశాడు. అదే వారంలో ఒంగోలు బైపాస్ మీద పాత కార్ల షెడ్డు తెరుస్తున్న తోమా ఫోన్ చేశాడు. అతనికి పానా పట్టే చేతులు నలుగురివి ఉన్నాయట. పక్కన నిలబడి, ఇలా కాదురా అలా, అని చెప్పగలిగే మనిషి కావాలట. అన్వర్‌ని అనుకుంటున్నానని, జాగ్రత్త కలిగినవాడేనా అని, పని నేర్పినవాళ్ళు ఒక్కమాట చెబితే చాలని అన్నాడు. దానికి జాన్ బాషా ఏం చెప్పాడో జాన్‌బీ వంటింటి గుమ్మంలోంచి విన్నది.

"జాకీ సరిగ్గా పెట్టలేనోడి చేతికి షెడ్డు అప్పజెప్తావా తోమా?"

అంతే. ఆ మాటను ఆమె తమ్ముడికి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. మర్నాటికి అతనికే తెలిసింది.

ఇవాళ బుధవారం. మార్చి ఎండ తొమ్మిదింటికే గట్టిగా ఉంది. షెడ్డు వెనక కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా వీధి మొత్తం ఒకేసారి దగ్గుతుంది. మూడేళ్ళుగా పట్టా కప్పుకుని పడున్న కారు మీంచి జాన్ బాషా ఇవాళ పట్టా లాగేశాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, పొట్టిగా నేలకు కరుచుకుని ఉంటుంది. ఏ కాలంలోనో గుంటూరులో పొగాకు కంపెనీ దొర ఒకడు వదిలేసి వెళ్ళిన బండి. కుడిపక్క షాకబ్జర్ ఆ రోజే ఊడింది, అన్వర్ చెయ్యితో సహా. ఎడమపక్కది మిగిలింది. జతగా ఇస్తేనే బాగుచేస్తామని మద్రాసు వర్క్‌షాపువాళ్ళు అన్నారట. శివరామకృష్ణ గారు, రెండోది ఎప్పుడు విప్పుతావయ్యా, అని నెలకోసారి అడుగుతున్నారు. జాన్ బాషా నెలకోసారి మాట దాటేస్తున్నాడు. తోమాకు ఆ జవాబు చెప్పిన వారానికే ఎందుకో పానాలు బయటికి తీశాడు.

తీసిన పద్ధతి మాత్రం ఎవరూ వేలెత్తి చూపేది కాదు. వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాడు. ముందు చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే వదులు చేశాడు. జాకీతో ముందుభాగం లేపి, చాసీ కింద రెండువైపులా ఇనప స్టాండ్లు నిలబెట్టి, బండిని వాటి మీదికి దించాడు. చక్రం ఊడదీసి, దాన్ని కూడా బండి కిందికే తోశాడు. స్టాండు మోసం చేస్తే చక్రమైనా ఆపుతుందని. తర్వాత జాకీని మళ్ళీ తోసుకెళ్ళి, రెండు చక్రాల మధ్య అడ్డంగా ఉండే దూలానికి ఆనించి ఇంకో దన్నుగా ఉంచాడు. పానా తీసుకుని, పైన ఉన్న పెద్ద నట్టుకు తగిలించాడు.

అప్పుడే అన్వర్ వచ్చాడు. ఎడమచేత్తో గేటు తోసుకుని, కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని.

"అక్కా, నా పానాల పెట్టె తీసుకుపోదామని వచ్చా. కోటేష్ అడుగుతున్నాడు, ఇచ్చేస్తా."

జాన్‌బీ చేతిలో టీ గ్లాసు ఆగింది. పద్నాలుగో ఏట తండ్రి కొనిచ్చిన పెట్టె అది. "ఇచ్చేసి?"

"దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీ ఉందంట. లారీ నెంబరు రాసుకోవాలి. ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నాగా."

జాన్ బాషా తలెత్తలేదు. "పెట్టె ఆ మూల ఉంది. తీసుకో" అన్నాడు నట్టుతోనే మాట్లాడుతున్నట్టు.

అన్వర్ మూలకు నడిచాడు. వంగాడు. పెట్టె పిడి పట్టుకుని, వంగినవాడు వంగినట్టే ఆగి, వెనక్కి తిరిగి కారు కిందికి చూశాడు. జాన్‌బీ ఆ చూపును జీవితాంతం మర్చిపోదు. రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లవాణ్ణి చూసినవాడి మొహం అది.

"బావా. ఆ నట్టు విప్పకు."

"ఏం?"

"విప్పకు. పానా తియ్యి. చెయ్యి బయటికి తియ్యి ముందు."

"ఒరేయ్, నలభై ఏళ్ళ నుంచి షాకబ్జర్లు విప్పుతున్నా. లారీలవి విప్పా, జీపులవి విప్పా. నోట్లో బీడీ ఆర్పకుండా విప్పా. నాకు నువ్వు చెప్తావా?"

"లారీకి కింద ఇనప పట్టీలుంటాయి బావా. బరువంతా వాటి మీదే. అక్కడ షాకబ్జరు ఊరికే కూర్చుని వచ్చే ప్రయాణికుడు, దించేసినా బండికేం కాదు. ఇది అలా కాదు." అన్వర్ పెట్టె వదిలేసి వచ్చాడు. కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "జాకీ ఎక్కడ పెట్టావు?"

"కనపడట్లా? దూలం కింద."

అన్వర్ నవ్వాడు. ఆ నవ్వులో ఏమీ లేదు, ఎండిన చేలో గాలి తిరిగినట్టుంది. "ఆ రోజు కూడా అక్కడే కదా పెట్టమన్నావు."

జాన్ బాషా పానా మీది నుంచి చెయ్యి తీయనూ లేదు, తిప్పనూ లేదు.

"టీ తాగండి" అంది జాన్‌బీ. ఇలాంటప్పుడు టీ పనికిరాదని ఆమెకు తెలుసు. కానీ చేతిలో ఉంది.

"అక్కా, నాన్న దూది ఏకే విల్లు గుర్తుందా?" అన్నాడు అన్వర్. అడిగింది అక్కని, చెప్పేది బావకి. మూడేళ్ళుగా ఆ ఇంట్లో మాటలు ఆ దారినే నడుస్తున్నాయి. "బిగించిన విల్లు ముందు నిలబడితే నాన్న చెంప పగలగొట్టేవాడు. ఎందుకు? రెండు కొసలు గట్టిగా పట్టుకుని ఉన్నంతసేపే అది విల్లు. ఒక కొస వదిలితే అది ఎవరి మాటా వినదు. ఇదిగో, ఈ స్ప్రింగు కూడా అంతే. దీని కింది కొస ఈ పళ్ళెంలో కూర్చుంది. ఆ పళ్ళేన్ని పైకి లాగి పట్టుకుంది ఎవరు? ఈ నిలువు ఇనుము. దాన్ని పట్టుకుంది ఎవరు? పైన ఈ ఇనప చెయ్యి. ఈ చెయ్యి ఎవరిది?"

"షాకబ్జర్‌ది" అన్నాడు జాన్ బాషా, అనకుండా ఉండలేక.

"షాకబ్జర్‌దే. ఈ బండికి షాకబ్జరే పైచెయ్యి. దాన్ని విప్పడమంటే విల్లు కొస వదలడమే. దూలం కింద జాకీ పెడితే బండి నిలబడుద్ది, స్ప్రింగు నిలబడదు. జాకీ ఉండాల్సింది పళ్ళెం కింద."

"నీకెవరు చెప్పారు ఇదంతా?"

"చెయ్యి పనిచేయనోడికి కళ్ళు పనిచేస్తాయిగా బావా. ఈ బండి పుస్తకం ఇంగ్లీషులో దొరికింది. డిక్షనరీ పెట్టుకుని ఏడాది చదివా. ఫోన్లో వీడియోలు చూశా, ఎన్నిసార్లో లెక్కలేదు. ఈ జిల్లాలో దీని ముందుభాగం గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు." అతను కుడిచెయ్యి జేబులోంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. వేళ్ళు విచ్చుకునే ఉన్నాయి, ఎవరో ఏదో ఇస్తారని చూస్తున్నట్టు. "తెలిసి ఏం చేయను? అది వేరే సంగతి."

జాన్ బాషా లేచి వెళ్ళిపోతాడని జాన్‌బీ అనుకుంది. కోపం వస్తే ఆయన మసీదు దాకా నడిచి, తిరిగి వచ్చి అన్నం అడుగుతాడు. ఇవాళ లేవలేదు. దూలం కింద జాకీని వదులు చేసి లాగాడు. కొంచెం ఎడమకు తోశాడు.

"ఇక్కడా?"

"ఇంకొంచెం లోపలికి. పళ్ళెం మధ్యకి. మధ్యలో చెక్కముక్క పెట్టు, జారకుండా. మెల్లగా లేపు."

జాకీ పిడి కిందికీ పైకీ ఆడింది. పళ్ళెం కొద్దికొద్దిగా లేచింది. స్ప్రింగు కిచకిచమంటూ బిగిసింది.

"ఇప్పుడు పైచెయ్యి చూడు బావా. ఇందాక కింద రబ్బరు మీద వాలి ఉంది. ఇప్పుడు లేచింది, వేలు దూరేంత. చూశావా? ఇందాకటిదాకా ఆ బరువంతా ఈ బోల్టు మీద ఉంది. ఇప్పుడు జాకీ మీదికి వచ్చింది. ఇక ఆ జాకీని ఎవరూ ముట్టుకోకూడదు. అక్కా, నువ్వు కూడా అటు జరుగు. బండికి ఎదురుగా నిలబడకు."

జాన్‌బీ పక్కకు జరిగింది. తమ్ముడు తనకు హుకుం వేసి మూడేళ్ళయింది. ఆ గొంతు ఆమెకు ఎంత బాగుందంటే, గ్లాసులో టీ తనే తాగేసింది.

పెద్ద నట్టు వచ్చింది. చక్రం కూర్చునే ఇనుము పక్కకు వాలిపోకుండా, బ్రేకు గొట్టం మీద లాగు పడకుండా, దాన్ని తీగతో పైకి కట్టమన్నాడు అన్వర్. కట్టాడు జాన్ బాషా. షాకబ్జర్ రెండు ఇనప చేతుల మధ్య బిగువు బోల్టును వదులు చేయమన్నాడు. చేశాడు. ఇక మిగిలింది ఆ పొడుగాటి బోల్టు బయటికి లాగడమే. సరిగ్గా అప్పుడు మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకున్న ట్రాక్టరు ఒకటి షెడ్డు ముందు నుంచి వెళ్ళింది. గాలి ఇటే తిరిగింది. అన్వర్ దగ్గాడు, జాన్‌బీ కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. జాన్ బాషాకు తుమ్ము వచ్చింది. రాబోయిన తుమ్మును ఆయన మొహమంతా నలిపి, కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని, చెయ్యి మాత్రం కదలకుండా ఆపుకున్నాడు. ఆయన దేన్నైనా ఆపుకోవడం జాన్‌బీ చూడ్డం అదే మొదటిసారి.

ట్రాక్టరు పోయింది. ఆయన బోల్టు తల పట్టుకుని లాగాడు.

అది వేళ్ళకే వచ్చేసింది. మజ్జిగలోంచి కవ్వం తీసినట్టు.

జాన్ బాషా దాన్ని చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు: "ఆ రోజు రాలేదిది. సుత్తి పెట్టి కొట్టా. నాలుగు దెబ్బలు వేశా."

"దాని మీద బరువుంది బావా. అందుకే రాలేదు. నాలుగో దెబ్బకి వచ్చింది." అన్వర్ గొంతులో కోపం లేదు. ఉంటే జాన్‌బీకి నయంగా ఉండేది. "నా చెయ్యి లోపలే ఉంది, ఆ ఇనుము పట్టుకుని. నువ్వే పట్టుకోమన్నావు."

నాలుగో దెబ్బ. జాన్‌బీకి ఆ రోజు వంటింట్లో వినపడిన చప్పుడు అది. ఆ తర్వాత వినపడింది తమ్ముడి గొంతు. ఆమె పరుగెత్తుకొచ్చింది. రక్తం చూడకముందే కాలికి ఏదో తగిలి పడబోయింది. ఏది తగిలింది? ఇన్నేళ్ళూ ఆ సంగతి ఆలోచించలేదు. రక్తం గురించే ఆలోచించింది. ఇప్పుడు బొటనవేలు ముందు గుర్తు చేసుకుంది, తర్వాత ఆమె.

"ఏమండీ" అంది.

"ఊఁ."

"నేను వచ్చేసరికి జాకీ పిడి నా కాలికి తగిలింది. దూలం కింద నిలబడే ఉంది. బండి దాని మీదే ఉంది."

ఆయన బోల్టు మీది మడ్డి బొటనవేలితో తుడిచాడు.

"జారిందన్నారు కదా. జారిన జాకీ నిలబడి ఉంటుందా అండీ?"

జాన్ బాషా కూర్చున్నచోటే ఇంకొంచెం కిందికి దిగినట్టయ్యాడు. అరవై ఏళ్ళ మనిషి. ఆమె చూస్తుండగానే ఇంకో పదేళ్ళు ఆయన భుజాల మీదికెక్కాయి. బోల్టు పక్కన పెట్టి, పానా తీసుకుని, షాకబ్జర్‌ని దూలానికి బిగించిన నాలుగు బోల్టులూ ఒకటొకటిగా విప్పాడు. కింద జాకీ కదల్లేదు. స్ప్రింగు కదల్లేదు. నూనె మడ్డి పట్టిన ఆ బరువైన ఇనపముద్ద ఆయన ఒళ్ళోకి వచ్చింది, ఎవరికీ ఏమీ కాకుండా. పావుగంట పని.

పావుగంట పని అని ముగ్గురూ ఒకేసారి అనుకున్నారు.

"నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?" అడిగింది జాన్‌బీ.

"రెండేళ్ళు దాటింది."

"మరి ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే నువ్వు ఎవరి పక్కన కూర్చుంటావక్కా?" అన్నాడు అన్వర్. "ఆయన పక్కన కూర్చుంటే నాకు అక్క ఉండదు. నా పక్కన కూర్చుంటే నీకు ఇల్లుండదు. పోయిన చెయ్యి ఎటూ పోయింది. ఇంకోటి ఎందుకని."

మూడేళ్ళు తను ఏ పక్కన కూర్చుందో ఆమెకు తెలుసు. ఆసుపత్రి మంచం పక్కన బత్తాయి రసం గ్లాసు పట్టుకుని కూర్చుని కూడా, "కొంచెం చూసి పెట్టకూడదటరా జాకీ" అని తమ్ముణ్ణి మందలించింది. అతను ఆ రసం తాగాడు. మాట్లాడకుండా తాగాడు.

అన్వర్ లేచి, ఎడమచేత్తో పెట్టె ఎత్తుకున్నాడు. "రెండు షాకబ్జర్లూ దొరికాయి కదా, మద్రాసు పంపించండి. స్ప్రింగు తీయాలంటే మాత్రం జాకీ మెల్లగా దించాలి బావా, తొందరపడకు. లోపల చెయ్యి పెట్టకు. వస్తానక్కా, పన్నెండింటి బస్సు."

"ఆగు" అంది జాన్‌బీ.

ఆమె ఫోన్ తీసింది. తోమా నెంబరు ఆమె దగ్గర ఉంది. వారం కిందట మొగుడి ఫోన్లోంచి చూసి ఎక్కించుకుంది, ఎందుకని అడిగే నాథుడు లేక. స్పీకరు నొక్కి, మోగుతున్న ఫోన్‌ని జాన్ బాషా ఒళ్ళో, ఆ ఇనపముద్ద పక్కన పెట్టింది. రెండు చేతులకూ మడ్డి ఉంది కాబట్టి ఆయన దాన్ని తీసి పారేయలేడని ఆమె లెక్క వేసుకుంది.

"బాషా గారి ఇంట్లోంచండీ" అంది జాన్‌బీ. "ఆఁ, బాషా గారి ఇంట్లోంచా?" తోమా గొంతు షెడ్డంతా పరుచుకుంది. వెనక నలుగురు నవ్వుతున్న సందడి. "చెప్పమ్మా."

జాన్‌బీ మొగుడి వైపు చూసింది. ఆయన ఫోన్ వైపు చూశాడు.

"నేనే తోమా. బాషాని."

"ఏం బాషా! మంచి టైములో చేశావు. నీ మాట విని పెద్ద తలనొప్పి తప్పించుకున్నా. వీరబాబుని పెట్టేశాలే. ఇవాళ పొద్దునే చేరాడు. ఇదిగో నా ఎదురుగానే స్వీట్లు తింటన్నాడు. మాటిచ్చేశా, ఇక వెనక్కి పోయేది లేదు. నీకు కూడా ఒక డబ్బా పంపుతాలే."

గేటు దగ్గర అన్వర్ ఆగాడు. పెట్టె కింద పెట్టలేదు. తిరగలేదు. వీపు ఒక్కటే కనపడుతోంది.

జాన్‌బీకి ఆ క్షణాన ఫోన్ లాక్కోవాలనిపించింది. అయిపోయిన తర్వాత ఇంకేం చెబుతాడు, చెప్పి ఎవరికి ఉపయోగం, ఆయన పరువు ఒక్కటైనా మిగలనీ అనిపించింది. చెయ్యి చాచింది కూడా. జాన్ బాషా మోచేత్తో ఆ చేతిని పక్కకు నెట్టాడు.

"తోమా, ఆ నవ్వులు ఆపమను. నేను చెప్పేది అక్కడున్న నలుగురూ వినాలి."

సందడి ఆగింది. "ఏందయ్యా, ఏమైంది?"

జాన్ బాషా గొంతు సవరించుకున్నాడు. పొడుగాటి బోల్టు మళ్ళీ ఆయన గుప్పిట్లోకి వచ్చింది.

"జాకీ జారలేదు. అన్వర్ నేను పెట్టమన్న చోటే పెట్టాడు. పెట్టమన్న చోటే తప్పు. బోల్టు రాకపోతే సుత్తితో కొట్టింది కూడా నేనే. తెలియక చేశా, చేసి వాడి మీద పెట్టా. మూడేళ్ళుగా అందరికీ అబద్ధం చెప్పా, నీకూ చెప్పా. తప్పు నాది తోమా. వాడిది కాదు. నాది."